అడవిలో పెళ్లి: విశాఖ నుంచి కొండెక్కే ముందు చేసుకోవలసిన ఏర్పాట్లు

ఊళ్లో కల్యాణ మండపంలో పెళ్లి చేస్తే ఏ వస్తువు మరిచిపోయినా ఎవరో ఒకరు స్కూటరు మీద వెళ్లి పది నిమిషాల్లో తెచ్చేస్తారు. అనంతగిరి అడవిలో వధూవరులు పీటల మీద కూర్చున్నాక భాషికాలు లేవని తెలిస్తే, అవి ఘాట్ రోడ్డు కింద శృంగవరపుకోట నుంచి రావాలి. ముహూర్తం అంతసేపు ఆగదు.

రెండేళ్ల కిందట మాఘమాసంలో మా చెల్లెలి పెళ్లి అనంతగిరి దగ్గర ఒక కాఫీ తోటలో చేశాం. ఇరువైపులా కలిపి అరవై రెండు మంది. ఆడంబరం అక్కర్లేదు, చెట్ల కింద అందరం ఒకే బంతిలో కూర్చుని తినాలి అన్నది దాని కోరిక. ఆ మాట విన్నప్పుడు ఎంతో తేలికగా అనిపించింది. తీరా చేయడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో నేర్చుకున్నది ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటి పెళ్లి తలపెట్టి ఉంటే, చోటు వెతకడానికి బయలుదేరే ముందు ఇది ఒకసారి చదవండి.

ముందు మనుషుల లెక్క

అందరూ చోటుతో మొదలుపెడతారు. మీరు మనుషులతో మొదలుపెట్టండి. గదులు, బస్సులు, నీళ్లు, మరుగుదొడ్లు, చివరికి మిగిలే చెత్త వరకు అన్నీ ఆ ఒక్క సంఖ్య మీదే ఆధారపడతాయి. అరవై నుంచి ఎనభై మంది వరకు అడవిలో సాదాసీదా పెళ్లి సాధ్యం. నూట యాభై దాటితే అక్కడ మీరు ఒక తాత్కాలిక ఊరు కట్టాలి. అప్పుడు నిరాడంబరత అన్న మాటకు అర్థం ఉండదు.

మన పెళ్లిళ్లలో ఎవరినీ తగ్గించలేమన్న బాధ నాకు తెలుసు. మేము చేసిన పని ఇది. పెళ్లి కొండ మీద, విందు విశాఖలో. పెళ్లికి రెండు వైపుల నుంచి చెరి ముప్పై మంది. మూడో రోజు సాయంత్రం నగరంలో అందరికీ భోజనాలు. శుభలేఖ అందరికీ ఒకటే కొట్టించి, కొండకు వచ్చేవారికి మాత్రం ప్రయాణ వివరాల కాగితం విడిగా ఇచ్చాం. పెళ్లికి పిలవలేకపోయిన పెద్దల ఇళ్లకు అమ్మా నాన్నా స్వయంగా వెళ్లి బొట్టు పెట్టి, కారణం చెప్పి, విందుకు రమ్మన్నారు. ఫోనులో చెబితే మనసు కష్టపెట్టుకునేవాళ్లు కూడా, ఇంటికి వచ్చి చెప్పినందుకు సంతోషించారు. ఇందులో రెండు వియ్యపువైపులకూ లెక్క సమానంగా ఉండాలి. పిల్ల వైపు నలభై, పిల్లవాడి వైపు ఇరవై అయితే ఆ మాట పదేళ్లు నలుగుతుంది.

జాబితా తేలాక పేర్ల పక్కన మూడు గుర్తులు పెట్టుకోండి: మోకాళ్ల నొప్పులున్నవారు, రోజూ మందులు వేసుకునేవారు, అయిదేళ్లలోపు పిల్లలు. తర్వాత ప్రతి ఏర్పాటులోనూ ఈ గుర్తులు పనికొస్తాయి.

ముహూర్తం, వాతావరణం

ఈ రెండూ కుదిరే రోజులు ఏడాదిలో చాలా తక్కువ. అరకు లోయ అందమంతా డిసెంబరు, జనవరి నెలల్లో అని అందరికీ తెలుసు. కానీ డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం, పెళ్లి ముహూర్తాలుండవు. పైగా అప్పుడే పర్యాటకులతో కొండమీద గదులన్నీ నిండిపోతాయి. శ్రావణంలో ముహూర్తాలుంటాయి, కానీ వానలకు ఘాట్ రోడ్డు మీద కొండచరియలు జారతాయి, నేలంతా బురద. ఆశ్వయుజ, కార్తీకాల్లో బంగాళాఖాతం నుంచి తుఫాను భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎలా చేసిందో చూసినవాళ్లెవరూ ఆ రోజుల్లో ఆరుబయట పందిరి వేయమని చెప్పరు.

నా మట్టుకు నేను చెప్పేది మాఘ, ఫాల్గుణ మాసాలు. సంక్రాంతి రద్దీ తగ్గి ఉంటుంది, గదులు దొరుకుతాయి, చలి గడ్డకట్టించేలా కాకుండా శాలువాతో సరిపోయేలా ఉంటుంది, వానలు పడే అవకాశం తక్కువ. రెండో ఎంపిక మార్గశిరంలో ధనుర్మాసం రాకముందు దొరికే కొద్ది రోజులు. అప్పుడు అరకు చుట్టుపక్కల పొలాల్లో వలిసె పూలు పచ్చగా విరబూసి ఉంటాయి. తుఫాను సమాచారం మాత్రం చివరి వారం దాకా చూస్తూ ఉండాలి. వేసవి మొదట్లో రెండు జల్లులు పడగానే కాఫీ చెట్లు తెల్లగా పూస్తాయి, మల్లెల్లాంటి వాసన. ఆ కొద్ది రోజుల అందం చెప్పలేనిది. కానీ అడవిలో ఎండుటాకులు మోకాలి లోతున ఉండే కాలం కూడా అదే, నిప్పు అంటుకునే ప్రమాదం ఎక్కువ. అప్పుడు హోమం పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

పురోహితుడి దగ్గరకు వెళ్లినప్పుడు మొదటి మాటగా పగటి ముహూర్తమే కావాలని చెప్పండి. మన వైపు అర్ధరాత్రి, తెల్లవారుజాము ముహూర్తాలు మామూలే. అడవిలో అవి పనికిరావు. చీకట్లో పెద్దవాళ్లు నడవలేరు, పాముల భయం ఉంటుంది, మంచు పందిరిని తడిపేస్తుంది. కొండమీద పొగమంచు విడేసరికి ఒక్కోసారి ఎనిమిది, తొమ్మిది అవుతుంది. కాబట్టి తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం పన్నెండు లోపల అడగండి. ఏ నెలైనా ముందు మూఢం చూసుకోండి.

చోటు ఎంచుకోవడం

విశాఖ నుంచి అరకు వైపు వెళ్లే దారి పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా సాగి అక్కడి నుంచి ఘాట్ ఎక్కుతుంది. టైడా సుమారు 75 కిలోమీటర్లు, ఆ పైన అనంతగిరి, గాలికొండ దాటి అరకు సుమారు 115. రెండో దారి అనకాపల్లి, నర్సీపట్నం మీదుగా లంబసింగి, చింతపల్లికి. లంబసింగి చలి పేరుమోసినదే గానీ చంటిపిల్లలకూ ముసలివాళ్లకూ అది పరీక్షే. పెళ్లికి నా ఓటు టైడా, అనంతగిరి మధ్య ప్రాంతానికి. ఘాట్ మీద తగ్గే ప్రతి పది కిలోమీటర్లూ పెద్దవాళ్లకు మేలు. నగరంలోనే ఉంది కదా అని కొందరు కంబాలకొండ పేరు చెబుతారు. అది వన్యప్రాణుల అభయారణ్యం. నడకకు వెళ్లండి, పక్షుల్ని చూడండి. పెళ్లి ఆలోచన మాత్రం పెట్టుకోకండి.

పెళ్లికి నిజంగా పనికొచ్చేవి మూడు రకాల చోట్లు: పర్యాటకాభివృద్ధి సంస్థ వారి హరిత రిసార్టుల ఆవరణలు, సరైన పత్రాలున్న ప్రైవేటు విడిది గృహాలు, స్థానికుల కాఫీ తోటలు లేదా ఊరి ఉమ్మడి మైదానాలు. మొదటిసారి చేసేవారికి మొదటి రకమే సుఖం. గదులు, మరుగుదొడ్లు, కరెంటు అక్కడే ఉంటాయి, నాలుగడుగులు వేస్తే చెట్లు. మేము మూడో రకం ఎంచుకున్నాం, రాత్రి బసకు మాత్రం గదులు తీసుకున్నాం.

నచ్చిన చోటును ఫొటోలు చూసి ఖాయం చేయకండి. ముహూర్తం పదకొండు గంటలకైతే, వీలైతే ముందటి ఏడాది అదే నెలలో, అదే పదకొండు గంటలకు వెళ్లి అక్కడ నిలబడండి. పీటల మీద కూర్చున్నవారి కళ్లలో ఎండ పడుతుందా? గాలి ఎటు నుంచి వీస్తోంది, హోమం పొగ ఎవరి మీదికి వస్తుంది? నేల ఎంత వాలుగా ఉంది? కాఫీ తోటల్లో నేల పైకి గట్టిగా కనిపిస్తుంది, కుర్చీ వేసి లావుపాటి మనిషి కూర్చుంటే కాళ్లు నాలుగు వేళ్ల లోతు దిగిపోతాయి. మేము కుర్చీల కింద వెదురు తడికలు పరిచాం. వాహనం ఆగే చోటి నుంచి పందిరి దాకా అడుగులు లెక్కపెట్టండి. మా అమ్మమ్మ ఎనభై ఒకటో ఏట రెండు వందల అడుగులు నడవగలదు, అంతకు మించి నడవలేదు. మా పందిరి ఎక్కడ వేయాలన్నది సగం ఆ లెక్కే తేల్చింది.

మేనమామలు పెళ్లికూతుర్ని గంపలో తెచ్చే ఆచారం ఉంటే ఆ దారి వెడల్పు కూడా కొలవండి. ఇద్దరు పక్కపక్కన నడిచేలా ఉండాలి, వేర్లూ రాళ్లూ అడ్డం ఉండకూడదు. మా మావయ్యలు ముందు రోజు సాయంత్రం గంపలో ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాలు రెండు పెట్టుకుని అటూ ఇటూ రెండుసార్లు నడిచి చూశారు. ఒక వేరు దగ్గర మట్టి పోసి చదును చేయించారు.

ఇక తలపైకి చూడటం మరిచిపోకండి. మేము మొదట ఎంచుకున్న చోటు ఒక పెద్ద చెట్టు నీడ. ఎంత బాగుందంటే ఇంకో చోటు చూడాలనిపించలేదు. ఆ ఊరి పెద్ద మాతో వచ్చి, ఒక్క మాటా మాట్లాడకుండా కాసేపు కొమ్మల్లోకి చూశాడు. తర్వాత వేలెత్తి, "బాబూ, అదిగో పట్టు. మీరు కింద పొగ పెడితే అవి ఊరుకుంటాయా?" అన్నాడు. నలభై అడుగుల ఎత్తున, కొమ్మకు అంటుకుని, ముదురు గోధుమరంగులో చాటంత తేనెపట్టు. దూరం నుంచి ఎండిన ఆకుల గుత్తిలా ఉంది. కళ్లు చికిలించి చూస్తే పైపొర అలలు అలలుగా కదులుతోంది. కొండ తేనెటీగలు పొగకు రేగి మీదపడితే ప్రాణాల మీదికే వస్తుంది. హోమం చేసే మన పెళ్లిలో దీనికి మించిన ప్రమాదం లేదు. పందిరిని రెండు ఫర్లాంగుల అవతలికి మార్చాం. పెళ్లికి వారం ముందు, మళ్లీ ముందు రోజు, కొత్త పట్టు పెట్టలేదు కదా అని అదే పెద్దాయన వచ్చి చూశాడు. మీరు కూడా ఈ పని స్థానికుల చేతే చేయించండి. మన కళ్లకు అది కనపడదు.

అనుమతులు, ఊరివాళ్లు

2022 ఏప్రిల్ 4 నుంచి అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి ప్రాంతాలు విశాఖ జిల్లాలో లేవు. అల్లూరి సీతారామరాజు జిల్లా, కేంద్రం పాడేరు. కాబట్టి విశాఖ కలెక్టరేటు చుట్టూ తిరగకండి. స్థానిక పోలీసు స్టేషనుకు, పంచాయతీకి తేదీ, జనం సంఖ్య, వాహనాల సంఖ్య రాసి ముందుగా లేఖ ఇవ్వండి. రిజర్వు అటవీ భూమిలో అనుమతి లేకుండా పందిరి వేయడం, పొయ్యి వెలిగించడం నేరం. ఎక్కడ తోట అయిపోతుందో, ఎక్కడ అటవీశాఖ భూమి మొదలవుతుందో మనకు తెలియదు. అటవీ రేంజి కార్యాలయంలో చోటు చూపించి అడగండి.

ఇది ఏజెన్సీ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోవడానికి వీల్లేదు, కౌలుకు కూడా. ఎవరైనా మీకు విడిది చూపించి అడ్వాన్సు అడిగితే, ఆ స్థలం ఎవరి పేరున ఉందో, ఏ అనుమతితో నడుస్తోందో పత్రాలు చూపించమనండి. మొహమాటపడకండి. మాకు మొదట చూపించిన ఒక విడిది నిర్వాహకుడు పత్రాల మాట ఎత్తగానే మాట మార్చాడు. అక్కడికక్కడే వెనక్కి వచ్చేశాం.

కాగితాల పని కంటే నాకు ముఖ్యంగా తోచేది ఊరి సంగతి. మనకు అది అడవి, అక్కడివాళ్లకు ఇల్లు. పెళ్లికి రెండు నెలల ముందే వెళ్లి ఊరి పెద్దలతో కూర్చోండి. వారికి ఆ రోజు పండుగలేమైనా ఉన్నాయా, వారపు సంత ఉందా, నీళ్లు ఎక్కడ తీసుకుంటారు, ఏ చెట్టు, ఏ రాయి వారికి దేవత అన్నవి అడిగి తెలుసుకోండి. పందిరి వేయడం, వంట సాయం, సామాను మోయడం లాంటి పనులు ఊరివాళ్లకే ఇవ్వండి. కూలి నగరంలో ఎంత ఇస్తారో అంతే ఇవ్వండి, తగ్గించకండి. గిరిజనుల నృత్యం థింసా ఆడే బృందాన్ని పిలవాలనుకుంటే ముందుగా మాట్లాడి, అడిగిన పారితోషికం ఇచ్చి, మీతో పాటు అదే బంతిలో భోజనం పెట్టండి. మా పెళ్లిలో తలంబ్రాలు అయ్యాక ఆ అక్కచెల్లెళ్లు చేయి చేయి కలిపి గుండ్రంగా కదులుతుంటే, మా మేనత్తలు ఒక్కొక్కరే వెళ్లి ఆ వరసలో కలిశారు. అడుగు కలవడానికి పది నిమిషాలు పట్టింది. ఆ తర్వాత అరగంట ఎవరూ ఆగలేదు.

ప్రయాణం

అందరినీ ముందు రోజు ఉదయమే విశాఖలో బయలుదేరదీయండి. చీకటి పడ్డాక, మంచు కమ్మాక ఘాట్ ఎక్కించే పని వద్దు. పెద్ద బస్సు ఒకటి కంటే పాతిక సీట్ల మినీ బస్సులు మూడు మేలు, మలుపుల్లో తేలిగ్గా తిరుగుతాయి, ఒకటి ఆగినా మిగతావి నడుస్తాయి. డ్రైవరు ఈ ఘాట్ మీద తిరిగినవాడై ఉండాలి. బండి ఎలా ఉందని అడగడం కంటే ముందు ఈ ప్రశ్న వేయండి. డీజిలు కిందనే నింపించండి. మోకాళ్ల నొప్పులవారికీ, వాంతులయ్యేవారికీ ముందు సీట్లు రాసిపెట్టండి. ఆ ఉదయం పలహారం ఇడ్లీతో సరి, పూరీలు వద్దు. నిమ్మకాయలు, కాగితం సంచులు ప్రతి బస్సులో ఉంచండి.

యువకులు, పిల్లలు ఉన్న కుటుంబాలను కిరండూల్ రైలులో పంపితే వాళ్లకు అదే ఒక వేడుక. ఉదయం విశాఖలో ఎక్కితే వరుస సొరంగాలు దాటుకుంటూ బొర్రా గుహలు, శిమిలిగూడ మీదుగా అరకు చేరుతుంది. 2017 నుంచి అద్దాల బోగీ కూడా తగిలించారు. ముందుగానే రిజర్వు చేయించుకోండి. పెళ్లికొడుకును, పురోహితుడిని, తాళిబొట్టును మాత్రం రైలుకు వదలకండి, ఆలస్యమైతే చేయగలిగింది ఏమీ లేదు.

పందిరి, బట్టలు, మేళం

అడవికి అలంకరణ అక్కర్లేదు. వెదురు గుంజలు, పైన కొబ్బరాకు, మామిడి తోరణాలు, బంతిపూల దండలు, రెండు అరటి పిలకలు. ఇంతే. పూలు ముందు రోజు తెల్లవారుజామున పూర్ణా మార్కెట్లో కొని తడి గోనెలో చుట్టి తెస్తే మరునాటికి నిగనిగలాడుతూ ఉంటాయి, కొండమీది చల్లదనం వాటికి సరిపడుతుంది. చెట్లకు మేకులు కొట్టకండి, కొబ్బరి తాడుతో కట్టి తర్వాత విప్పేయండి. థర్మకోల్, మెరుపు కాగితాలు, గాల్లోకి వదిలే దీపాలు, టపాసులు వద్దు. హోమగుండం ఇటుకల మీద, చుట్టూ ఆరడుగుల మేర ఆకులు ఊడ్చి, నేల తడిపి పెట్టండి. పక్కన రెండు బిందెల నీళ్లు, ఒక బస్తా ఇసుక. హోమం అయ్యాక నిప్పు పూర్తిగా చల్లారేదాకా ఒక మనిషిని అక్కడే నిలబెట్టండి.

కోతుల సంగతి. ముహూర్తానికి ముందు పందిరి దగ్గర ఎవరూ లేని అయిదు నిమిషాల్లో అరటి గెలా, కొబ్బరికాయలు రెండూ పోయాయి. అదనంగా తెచ్చినవి బస్సులో తాళం వేసి ఉన్నాయి కాబట్టి సరిపోయింది. పళ్లకూ ప్రసాదాలకూ కాపలాగా ఒకరిని తెల్లవారుజాము నుంచే పెట్టండి.

పెళ్లికూతురికి బరువైన పట్టుచీర ఒక్కటి చాలు, అది కూడా పీటల మీద కూర్చునే వేళకే. మిగతా అందరికీ తేలికపాటి చేనేత, పైన శాలువా, కాళ్లకు చదునైన చెప్పులు. ఈ మాట ప్రయాణ కాగితంలోనే రాయండి. ఎత్తు మడమల చెప్పులతో వచ్చిన వాళ్లంతా చివరికి వట్టి కాళ్లతో తిరిగారు.

మైకులు వద్దేవద్దు. సన్నాయి, డోలు ఉంటే కరెంటు అక్కర్లేదు, చెట్ల మధ్య ఆ నాదం ఎంత దూరం వెళుతుందో విని తీరాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు ఎలాగూ చట్టరీత్యా నిషేధం.

పురోహితుడి జాబితా

పురోహితుడిని విశాఖ నుంచి వెంట తీసుకెళ్లడమే మంచిది. ఆయనకూ ముందు రోజు బస ఏర్పాటు చేయండి. జాబితా ఆయన చేత రాయించుకుని, ఆయన ఎదుటే ఒక్కొక్క వస్తువు పేరూ గట్టిగా చదవండి. మా జాబితాలో సులువుగా మరిచిపోయేవి ఇవి: భాషికాలు, అడ్డుతెర, మధుపర్కాలు, జీలకర్ర బెల్లం, పసుపు కొమ్ములు, మెట్టెలు, నల్లపూసలు, సమిధలు, యజ్ఞోపవీతం, కాళ్లు కడిగే పళ్లెం, అగ్గిపెట్టెలు. జీలకర్ర బెల్లం ఇంట్లోనే నూరి డబ్బాలో పెట్టండి, కొండమీద రోలు వెతుక్కోలేరు. అగ్గిపెట్టెలు నాలుగు, మూత గట్టి డబ్బాలో, ఎందుకంటే రాత్రి మంచుకు బయట పెట్టినవి మెత్తబడి వెలగవు. ఒక్కో క్రతువుకు ఒక్కో సంచి కట్టి పైన పేరు రాస్తే, గౌరీపూజ వేళ తలంబ్రాల బియ్యం కోసం వెతికే పని ఉండదు. తాళిబొట్టు ఒకే ఒక్క మనిషి చేతిలో ఉండాలి. మా ఇంట్లో ఆ మనిషి పెదనాన్న. రెండు రోజులూ ఆయన చొక్కా లోపలి జేబు నుంచి అది కదలలేదు.

పెళ్లి రిజిస్ట్రేషనుకు శుభలేఖ అడుగుతారు. అందులో ఊరు, మండలం, జిల్లా సరిగ్గా అచ్చయ్యాయో చూసుకోండి. అలవాటు కొద్దీ చాలామంది ఇంకా విశాఖ జిల్లా అనే రాస్తున్నారు.

భోజనాలు

వంటకాలు తగ్గించండి. పప్పు, ఒక కూర, ఒక వేపుడు, పులిహోర, పచ్చడి, సాంబారు, పెరుగు, బూరెలు. వేడివేడిగా, అందరూ ఒకేసారి. ఇరవై రకాలు వండాలంటే ఇరవై మంది వంటవాళ్లు, వాళ్లకు గదులు, వాళ్లకు నీళ్లు. కట్టెపొయ్యి కాకుండా గ్యాసు పెట్టించండి. కూరగా ఏజెన్సీలో పండే రాజ్మా వండించాం, మా బంధువులు ఇప్పటికీ దాని మాటే చెబుతారు. ముందు రోజు రాత్రి మాంసాహారులకు బొంగు చికెన్. దాన్ని మాత్రం స్థానికుల చేతే, వాళ్లు నిప్పు పెట్టుకునే చోటే చేయించండి. వెదురు బొంగులో కోడిమాంసం కుక్కి, ఆకుతో మూతి బిగించి, బొగ్గుల మీద తిప్పుతూ ఉంటే బయట బొంగు నల్లబడుతుంది, లోపల నూనె చుక్క లేకుండా ముక్క ఉడుకుతుంది. ఎప్పుడు దించాలో వాళ్లకు వాసన బట్టి తెలుస్తుంది.

విస్తళ్లకు అడ్డాకులు వాడండి. అడవిలో ఆ తీగ ఆకులు ఏరి, పుల్లలతో కుట్టే ఆడవాళ్లు ఏజెన్సీ ఊళ్లలో ఉంటారు. నెల ముందు చెప్పి డబ్బు కొంత ముందే ఇస్తే కావలసినన్ని సిద్ధం చేస్తారు. వేడి అన్నం పడగానే ఆ ఆకు నుంచి వచ్చే వాసన ఏ కంచానికీ రాదు.

నీళ్ల లెక్క ఇలా వేయండి. తాగడానికి మనిషికి రోజుకు నాలుగు లీటర్లు. అరవై మందికి రోజుకు 240 లీటర్లు, అంటే 20 లీటర్ల డబ్బాలు పన్నెండు. రెండు రోజులకు ఇరవై నాలుగు, వంటకు ఇంకో పది. కడగడానికి, మరుగుదొడ్లకు ట్యాంకరు విడిగా. ఊరి ఊటనీళ్లు తోడేయకండి, ఫాల్గుణం వచ్చేసరికి వాళ్లకే కటకట. మరుగుదొడ్లు పదిహేను మందికి ఒకటి తగ్గకుండా, పందిరికి దగ్గరలో, లోపల దీపం, బకెట్టు, మగ్గుతో ఉండాలి. పెళ్లి ఎంత బాగా జరిగినా ఈ ఒక్క ఏర్పాటు చెడితే ఆడవాళ్లు, ముసలివాళ్లు పడే ఇబ్బంది అంతా ఇంతా కాదు. డబ్బు చాలకపోతే పూలు తగ్గించండి, ఇక్కడ తగ్గించకండి.

వచ్చినవారికి ఇచ్చే కానుకగా గిరిజన సహకార సంస్థ వారి కాఫీ పొడి, తేనె ఇచ్చాం. 1956లో ఏర్పడిన ఈ సంస్థ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది, కాబట్టి కొని వెంట తీసుకెళ్లడం సులువు.

మందులు, ఫోన్లు, దీపాలు

బంధువుల్లో ఒక డాక్టరో నర్సో ఉంటే వారికి వేరే పని ఏదీ అప్పగించకండి. జ్వరం, వాంతులు, విరేచనాల మందులు, కట్టు సామాను, దోమల నివారణ లేపనం, టార్చి లైట్లు ఒక పెట్టెలో. ఏజెన్సీలో మలేరియా ఉంది, సాయంత్రం పిల్లలకు నిండు చేతుల చొక్కాలు వేయండి. తిరిగి వచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే ఏజెన్సీకి వెళ్లామని డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి. చాలా చోట్ల ఫోను పలకదు. ఏ కంపెనీ సిగ్నలు ఎక్కడ దొరుకుతుందో ముందే చూసి ఆ చోట ఒక గుడ్డ కట్టి గుర్తుపెట్టండి. అత్యవసరమైతే 108కి అక్కడి నుంచే ఫోను చేయాలి. ఒక కారు, ఒక డ్రైవరు రెండు రోజులూ ఎక్కడికీ పోకుండా సిద్ధంగా ఉండాలి. జనరేటరును పందిరికి దూరంగా పెట్టి తీగ లాగండి, లేకపోతే మంత్రాలు వినపడవు.

చెత్త

తెచ్చినవాటిలో మట్టిలో కలవని ప్రతిదీ తిరిగి తీసుకెళ్లాలి. విస్తళ్లు, అన్నం మెతుకులు గొయ్యి తీసి పూడ్చండి, బయట వదిలితే కోతులు, కుక్కలు చేరతాయి. సీసాలు, పాలిథిన్, పూల దండల్లోని దారాలు గోనెసంచుల్లో నింపి బస్సు ఎక్కించండి. ఈ పనికి ఆరుగురు కుర్రవాళ్లను ముందే పేర్లు రాసి పెట్టండి, పెళ్లయ్యాక అడిగితే ఎవరూ కనపడరు. మా వాళ్లు పదకొండు సంచులు నింపారు. మరుసటి వారం నేను మళ్లీ వెళ్లి చూశాను. హోమగుండం ఇటుకలు పేర్చిన చోట నేల కొద్దిగా నల్లగా ఉంది, అంతే.

వీలైతే పెళ్లైన రాత్రి కూడా అక్కడే ఉండండి. పగటి పెళ్లిళ్లలో పురోహితుడు ఆకాశం వైపు వేలు చూపించి అరుంధతిని చూశారా అని అడుగుతాడు, వధూవరులు చూశామంటారు. నగరంలో రాత్రి చూసినా ఆ వెలుతురుకు ఏమీ కనపడదు. అనంతగిరిలో ఆ రాత్రి పదకొండు దాటాక దీపాలన్నీ ఆర్పించాం. ఈశాన్యం వైపు కొండ అంచు మీదుగా సప్తర్షి మండలం పైకి వచ్చింది. తోకలో మధ్య నక్షత్రం వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని సన్నగా మినుకుమనే చుక్క. చెల్లి శాలువా కప్పుకుని, మా బావగారి భుజం పట్టుకుని, మునివేళ్ల మీద లేచి చాలాసేపు వెతికింది. "ఆ, కనపడింది, నిజంగానే ఉంది!" అంది. అమ్మమ్మ కూడా కుర్చీలోంచే తల ఎత్తి, తన పెళ్లిలో చూడని చుక్కను ఎక్కడ, ఎక్కడ అని అడుగుతూ ఉంది.